గోడ అందుకునే గది

2022 ఎండాకాలం. బళ్లారి బ్రూస్‌పేటలో ఒక పాత రాతి ఇంటికి పని చూడడానికి వెళ్లాను. నా పని తెలియని పాఠకుల కోసం ముందు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

బళ్లారిలోనే కౌల్ బజార్‌లో మాది పరుపులు, సోఫాల ఫోము అమ్మే దుకాణం. మా నాయన పెట్టింది. లాక్‌డౌన్లు పోయిన తర్వాత మా ఊళ్లో చాలామంది ఇంట్లోనే ఒక గదిని రికార్డింగుకు వాడుకోవడం మొదలుపెట్టారు. యూట్యూబులో వార్తలు చదివేవాళ్లు, ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేవాళ్లు, ప్రవచనాలు చెప్పేవాళ్లు మా దుకాణానికి వచ్చి గోడలకు అంటించే నల్ల ఫోము ఉందా అని అడిగేవారు. నేను బెంగళూరు వెళ్లి, స్టూడియోలు కట్టే ఒక పెద్దాయన దగ్గర కొన్ని నెలలు పని నేర్చుకుని వచ్చి, ఎకౌస్టిక్ ట్రీట్‌మెంట్ అని బోర్డు పెట్టాను.

గిరాకీలందరూ దీన్ని సౌండ్ ప్రూఫ్ అంటారు. నిజానికి ఆ రెండూ వేరు. సౌండ్ ప్రూఫ్ అంటే బయటి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు బయటికి పోకుండా ఆపడం. దానికి బరువైన గోడలు, సందు లేని తలుపులు కావాలి. ట్రీట్‌మెంట్ అంటే గదిలో పుట్టిన శబ్దం గోడలకు తగిలి వెనక్కి రావడాన్ని అదుపులో పెట్టడం. అలా వెనక్కి వచ్చి కాసేపు గదిలో తిరిగే శబ్దాన్ని మేము రివర్బ్ అంటాం. ఫోము ఈ రెండో పనికే పనికొస్తుంది, అది కూడా కొంతవరకే. ఆటో హారన్‌ను ఫోము ఆపలేదు. ఈ తేడా నేను గిరాకీలకు చెప్పేవాణ్ణి కాదు. వాళ్లు గదిలో చప్పట్లు కొట్టి చూసుకునేవారు. మునుపు గంగుమన్న గది ఇప్పుడు మూగబోయి ఉండేది. వాళ్ల మొహాలు వెలిగేవి. నాకదే చాలు.

బ్రూస్‌పేట ఇల్లు శ్రీధరది. తరతరాలుగా బళ్లారిలో వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. అతను గదిలోకి తీసుకెళ్లక ముందే, వాకిట్లోనే విషయం చెప్పాడు.

"అన్నా, అమ్మకు గొంతుకాడ గడ్డ ఉండాది. థైరాయిడ్ అంట. దసరా అయినాక ఆపరేషన్ చేస్తాం అన్నారు. గొంతు మారొచ్చు, మారకపోవచ్చు, ఇప్పుడే ఏం చెప్పలేం అంటాండారు డాక్టరు. అంతలోపల అమ్మ పాటలన్నీ రికార్డు చేసి పెట్టుకోవల్ల."

అతని తల్లి కమలమ్మ నడిమింటి గదిలో మా కోసం ఎదురుచూస్తూ ఉంది. అరవై దాటిన మనిషి. మెడ దగ్గర వాపు కనపడకుండా కొంగు కప్పుకుంది. నన్ను చూసి కుర్చీ జరిపింది.

"పాటలంటే పెద్ద పాటలేం కాదప్పా. పెండ్లిండ్లలో పాడుకునేవి. నలుగు పాట, అలక పాట, బువ్వం పాట. కొన్ని తెలుగు, కొన్ని కన్నడ. నేనూ మా తోడికోడలు సరోజా ఒకే ఊరోళ్లం, దేశనూరు. ఆడే నేర్చుకున్నాం. ఒకే ఇంటికి కోడండ్లుగా వచ్చినాం. బళ్లారిలో మనోళ్ల పెండ్లి అంటే మేమిద్దరం పోవాల్సిందే. సరోజ పోయిన సంవత్సరం కరోనాలో పోయింది."

"ఇప్పుడు ఒక్కరే పాడతారా అమ్మా?"

"ఇంకేం చేసేది. పాటలు నాతోనే పోతే మంచిదా?"

ఆ గది గురించి చెప్పాలి. లావైన రాతి గోడలు, వాటి మీద ఎప్పటిదో సున్నపు గచ్చు. పైన టేకు దూలాలు. కింద బండపరుపు. నేను నడిమధ్యన నిలబడి, ఫోనులో రికార్డింగు పెట్టి, అలవాటు ప్రకారం ఒక్క చప్పట కొట్టాను. శబ్దం గుండ్రంగా లేచి మెల్లగా సద్దుమణిగింది. చెడ్డ గది కాదు. కానీ నా చెవి అప్పటికే ఎక్కడెక్కడ ఏం అంటించాలో లెక్క వేసుకుంటోంది.

ఒక పాట పాడమని అడిగాను. ఆమె నావైపు తిరగలేదు. గోడవైపు తిరిగి, ముఖానికీ గోడకూ నడుమ ఒక చేతి దూరం వదిలి నిలబడి పాడింది. పెద్ద గొంతు కాదు. అరవని గొంతు. ఒక చరణం పాడి కొంచెం ఆగడం, మళ్లీ ఎత్తుకోవడం. పాట అయ్యాక నావైపు తిరిగి నవ్వింది.

"విన్నావా? ఈ గదిలో గోడ అందుకుంటాదప్పా. మేడ మీద పాడితే రాదు, వంటింట్లో పాడితే రాదు. ఈడ మాత్రం అందుకుంటాది."

నేను దాన్ని ఫిర్యాదుగా విన్నాను. అప్పటికి నా దగ్గరికి గోడల గురించి వచ్చిన మాటలన్నీ ఫిర్యాదులే. గోడ కొడుతుందనేవారు, గోడ మాట్లాడుతుందనేవారు, గోడ పట్టుకుంటుందనేవారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"అదంతా నాకు వదిలేయండమ్మా. పని అయినాక గోడ గుసగుస కూడా అనదు," అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసింది. "నీకు తెలిసిన పని. నువ్వే చూడు," అంది నాతో.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అంటుండేవాడు. మాట్లాడేవాడి గది నోరు మూసుకోవాలి, పాడేవాడి గది ఊ కొట్టాలి అని. ఆ గదికి ఏం చేయాలో నాకు తెలియక కాదు. మైకు వెనక ఒకటి, పక్క గోడకు ఒకటి ప్యానెళ్లు. మూలల్లో రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసిన దట్టమైన పలకలు. మిగిలిన గోడలను అలాగే వదిలేయడం. అంతే. కానీ అలా చేస్తే ఫోటోలో అది సగంలో ఆపిన పనిలా ఉంటుంది. నా ఫోనులో చూపించుకోవడానికి నాకు ఒక ఫోటో కావాలి. నేల నుంచి దూలాల దాకా నల్లగా, బెంగళూరు స్టూడియోలా ఉండే గది. బళ్లారిలో అంతవరకు ఎవరూ చేయని గది. శ్రీధర కూడా యూట్యూబులో అలాంటివే చూసి ఉన్నాడు. ఇద్దరి కోరికా ఒక్కటే అయింది. పాడేది మాత్రం మూడో మనిషి.

నాలుగు గోడలూ మూసేశాను. దూలాల సందుల్లో ఫోము కుక్కాను. బండల మీద కార్పెట్ పరిచాను. కిటికీకి మందపాటి తెర వేశాను. పని పూర్తయిన రోజు ఇరుగుపొరుగు కూడా చూడడానికి వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే చప్పట్లు కొట్టి చూశారు.

"ఏం శ్రీధరా, ఈడ మొగుడూ పెండ్లాలు కొట్లాడుకున్నా రోడ్డుకు వినపడదు కదా," అన్నాడు ఒకాయన.

"నీకైతే ఇంటికంతా చేయించల్లప్పా," అంది ఆయన భార్య.

అందరూ నవ్వారు. నిజానికి ఆ గదిలో కొట్లాడితే రోడ్డుకు బాగానే వినపడుతుంది. నేను ఆ మాట అనలేదు. ఫోటోలు తీసుకుంటున్నాను.

కమలమ్మ మైకు ముందు నిలబడి ఒక చరణం పాడి ఆగింది. మళ్లీ అదే చరణం, ఈసారి కొంచెం గట్టిగా పాడింది. మళ్లీ ఆగింది. గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"ఏంది నాగరాజప్పా ఇది? నా గొంతు నాకు రావడం లేదు. నోట్లోంచి పోయింది పోయినట్టే పోతాండాది."

"అలాగే ఉంటుందమ్మా. రికార్డింగుకు ఇదే మంచిది."

ఆమె ఫోమును వేలితో నొక్కి చూసింది. "గోడలకు చెవులుంటాయి అంటారే. నువ్వు వాటి చెవుల్లో దూది పెట్టినావు."

వచ్చినవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నా పని మీద పడినట్టు తోచింది నాకు. ఊరుకోలేకపోయాను.

"గోడల చెవులు బాగుండాయమ్మా. ఒకసారి మీ చెవులు చూపించుకోండి," అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అందరికంటే కొంచెం ఆలస్యంగా.

కొన్ని రోజులకు శ్రీధర ఫోన్ చేశాడు. నేను సిరుగుప్పలో ఒక ట్యూషన్ సారు ఇంట్లో నిచ్చెన మీద ఉన్నాను.

"అన్నా, అమ్మ అరిచినట్టు పాడతాండాది. ముందర ఎప్పుడూ ఇట్ల పాడలేదు. రెండు పాటలకే గొంతు బొంగురు పోతాండాది. వినపడటం లేదు, వినపడటం లేదు అని ఒకటే మాట. ఏం చేసేది?"

అప్పుడు నేను చెప్పిన జవాబు ఈనాటికీ నా చెవుల్లో ఉంది. "తమ గొంతు తమకు వినపడకపోతే ఎవరైనా అరిచే పాడతారు శ్రీధరా. నేను నవ్వులాటకు అన్నా గానీ, నిజంగానే చెవి సమస్య అయింటాది. ఆ వయసుకు మామూలే. చూపించు."

అందులో మొదటి వాక్యం అక్షరాలా నిజం. శబ్దం పూర్తిగా చచ్చిన గదిని మా వాళ్లు డెడ్ రూమ్ అంటారు. అందులో పాడేవాళ్లకు తమ గొంతు వెనక్కి రాదు. తెలియకుండానే గొంతు పెంచుతారు, తొందరపడతారు, శ్రుతి పైకి పోతుంది. నాకు నేర్పిన పాఠాల్లో ఇది మొదటిది. పాఠం గుర్తుంది. తప్పు మాత్రం ఆమె చెవుల మీద వేశాను. నేను వెళ్లి ఒక గోడ ఫోము పీకేసి ఉంటే సరిపోయేది. అదీ కాకపోతే హెడ్‌ఫోన్ పెట్టి, అందులో ఆమె గొంతుకు కాస్త రివర్బ్ కలిపి వినిపించి ఉంటే సరిపోయేది. టీ తాగేంత సేపటి పని. బ్రూస్‌పేట మా దుకాణానికి ఎంతో దూరం కూడా కాదు. వెళ్తే నా ఫోటోలోని గది తప్పని ఒప్పుకోవాలి. వెళ్లలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు శ్రీధర చెప్పగా తెలిసింది. నా మాట ఆ ఇంట్లో వైద్యుడి మాటలా చెల్లింది. గొంతు కోసం ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే సరిపోయి, చెవుల సంగతి తర్వాత చూద్దామని వాయిదా వేశారు. కానీ ఆమెకు వినపడదన్న మాట మాత్రం ఖాయమైపోయింది. ఇంట్లో అందరూ ఆమెతో గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఆమె ఎంత చెప్పినా, చెవిటివాళ్లందరూ అదే అంటారని నవ్వారు. పాటలు పూర్తి చేయాలని శ్రీధర తొందరపెట్టాడు. ఆమె రోజూ ఆ నల్లగదిలో నిలబడి, నొప్పి ఉన్న గొంతుతో, అరిచి పాడింది. దసరా వచ్చేసరికి పాటలన్నీ అయిపోయాయి.

ఆపరేషన్‌కు చేరినప్పుడు అక్కడే చెవులు కూడా పరీక్ష చేశారట. బాగున్నాయన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ప్రాణానికి ఏమీ లేదు. డాక్టరు ముందే హెచ్చరించినట్టు గొంతు మాత్రం మారింది. మాట గాలిలా వస్తుంది. పాట రాదు. అందులో నా చేయి ఉందని ఎవరూ అనలేదు. నేనూ అనను, నాకు తెలియదు కాబట్టి. కానీ ఆ గొంతుకు మిగిలిన ఒకే ఒక్క గుర్తు నేను కట్టిన గదిలో రికార్డయింది. అందులో నా చేయి ఉంది.

చలికాలం మొదలయ్యాక శ్రీధర దుకాణానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, మొదటి దినం అమ్మ పాడినప్పుడు నువ్వు ఫోన్లో రికార్డు చేసుకున్నావు కదా. అది ఉండాదా?"

ఫోను తీశాను. పనికి ముందు, తర్వాత అని గిరాకీలకు చూపించడానికి చప్పట వరకే ఉంచుకుని పాటను కోసేశానన్న సంగతి వెతుకుతుండగానే గుర్తొచ్చింది. ఆ మాట చెప్పాను. అతను బజారు వైపు తిరిగాడు.

"సరే. రికార్డు చేసిన ఫైళ్లన్నా ఒకసారి విను. ఏమన్నా బాగు చేయొచ్చేమో చూడు. వింటాంటే బేజారవుతాది నాకు. ఆ గొంతు అమ్మది కాదు."

అతని వెంటే బ్రూస్‌పేటకు వెళ్లాను. ఆ గదిలోనే కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి పాట విన్నాను. గొంతు పొడిగా, దగ్గరగా, గీసినట్టుగా ఉంది. ఫైలుకు తర్వాత కూడా రివర్బ్ కలపవచ్చు. బిగుసుకుపోయిన గొంతును మాత్రం ఏ మిషనూ సడలించలేదు. అంతవరకు నేను ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి ఉంది. ప్రతి చరణం తర్వాత ఆమె ఆగుతోంది. ఊపిరి కోసం ఆగడం కాదు. అంతకంటే ఎక్కువసేపు. ఆ ఖాళీలో ఏమీ లేదు. మళ్లీ చరణం, మళ్లీ ఖాళీ.

"ఇదేంది శ్రీధరా, ఇంతసేపు ఆగింది?"

"ఆడ సరోజ పిన్నమ్మ అందుకునేది కదన్నా. అమ్మ ఒక చరణం పాడితే పిన్నమ్మ అదే చరణం అందుకుంటాది. మా పెండ్లి పాటలన్నీ అట్లే. పిన్నమ్మ పోయినాక అమ్మ ఈ గదిలో గోడకు పాడి, దాని జవాబు విని, అది అయినాక ఇంకో చరణం ఎత్తుకునేది. ఒక్కొక్కసారి మా నాయన నవ్వేటోడు, సరోజ గోడలో ఉండాది అని."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. గోడ అందుకుంటాదప్పా అని ఆమె నాతో చెప్పింది ఇదే గదిలో. పోగొట్టమని చెప్పలేదు. ఉందని చెప్పింది. నాకు చూపించి మురిసిపోయింది. తర్వాతి పాటల్లో ఆ ఖాళీలు తగ్గుతూ వచ్చాయి. చివరి పాటల్లో ఆమె ఎక్కడా ఆగలేదు. ఎవరూ పలకరని తెలిసిపోయినట్టు, ముగించి బయటపడాలన్నట్టు పాడింది.

శ్రీధరకు చెప్పాను. "మీ అమ్మ చెవులకు ఎప్పుడూ ఏమీ లేదు. తప్పు గదిది. గది తప్పు నాది. నువ్వు ఫోన్ చేసిన దినమే నాకు తెలుసు."

అతను నన్ను కొడతాడేమో అనుకున్నాను. గోడకు ఆనుకుని కార్పెట్ మీద కూలబడ్డాడు.

"వినపడకపోతే చెవికి మిషను పెట్టుకోమని అరిచినానన్నా అమ్మ మీద. పాటలు అయిపోవల్లని. రెండు మూడు సార్లు ఏడ్చింది. చెవిటోళ్లకు రోషం ఎక్కువ అని కూడా అనేసినా." వంటింటి వైపు చెయ్యి చూపాడు. "నువ్వే చెప్పు అమ్మకు. నాతో కాదు."

కమలమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, ఆ గాలి గొంతుతోనే పలకరించింది. వినడానికి నేను దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"రాప్పా. నా చెవులు బాగుండాయంట. డాక్టరు రాసిచ్చినాడు."

"అమ్మా, గోడ అందుకుంటాది అని మీరు అంటే అది పోవల్లేమో అనుకున్నా."

"పోవల్లని ఎవురు చెప్పినారప్పా నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"అడిగింటే చెప్పుందును కదా." ఆమె గొంతులో కోపం కూడా వినపడలేదు. కోపానికి కావలసినంత గొంతు ఆమెకు మిగల్లేదు.

"రేపే వచ్చి ఫోమంతా పీకేస్తానమ్మా. గోడకు మళ్లీ సున్నం కొట్టిస్తా. గది మునుపటి మాదిరే అవుతాది."

ఆమె చిక్కుడు నార తీసి చేటలో వేసింది. "ఎందుకులే. ఇప్పుడు గదీ నేనూ సమానమైనాం. దానికీ నోరు లేదు, నాకూ లేదు. సుమ్నే అట్లే ఉండనీ."

శ్రీధర భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను. నన్ను క్షమించానని ఆమె అనలేదు. ఎందుకు అనాలి? నేనూ అడగలేదు.

ఈ వృత్తిలో ఇంకా ఉన్నాను. ఇప్పుడు గిరాకీ ఇంటికి వెళ్తే చప్పట కొట్టను. వాళ్లు ఎలా మాట్లాడతారో, ఎలా పాడతారో, ఎటు తిరిగి పాడతారో చూస్తాను. గది గురించి వాళ్లు ఏ మాట చెప్పినా, అది ఉండాలా పోవాలా అని అడుగుతాను. మంచి పరికరాలు కొన్నాను, కొలతలు నేర్చుకున్నాను, అయినా నాకు ఎక్కువ పనికొచ్చేది ఆ ప్రశ్నే. అడిగేటప్పుడల్లా కొంచెం సిగ్గుగానే ఉంటుంది. చెవుల వ్యాపారం చేసేవాడు వినడం నేర్చుకోవడానికి ఒక మనిషి పాటలు ఖర్చయ్యాయి. ఆ గది ఫోటోను ఫోనులోంచి తీసేశాను. దాని వల్ల కమలమ్మకు ఒరిగిందేమీ లేదు.

ఈమధ్య కౌల్ బజార్‌లో మావాళ్ల పెళ్లికి వెళ్లాను. నలుగు పెట్టేటప్పుడు పాడేవాళ్లు లేక ఎవరో ఫోనును స్పీకరుకు కలిపి పాట పెట్టారు. మొదటి చరణానికే గొంతు గుర్తుపట్టాను. శ్రీధర ఆ ఫైళ్లను బంధువులందరికీ పంపాడట. పక్కన కూర్చున్న ఒకావిడ రికార్డింగు ఎంత క్లియర్‌గా ఉందోనంది. అంతలో చరణం ముగిసి ఖాళీ వచ్చింది. పాట అయిపోయిందనుకుని, ఫోను పట్టుకున్న అమ్మాయి వేరే పాట పెట్టేసింది.